వడ్డాణం పెట్టుకున్న శనీశ్వరుడు

ఈ ఉదయం మా అపార్ట్‌మెంట్ నీళ్ల ట్యాంకు కడిగించారు. అశోక్‌నగర్‌లో ట్యాంకు కడిగించడమంటే సామాన్యమైన సంగతి కాదు. వారం ముందు నుంచి లిఫ్టులో నోటీసు, వాట్సాప్ గ్రూపులో హెచ్చరికలు, ముందురోజు ప్రతి ఇంట్లో బిందెలు, బకెట్లు, కుక్కర్లు, చివరికి పిల్లల వాటర్ బాటిళ్లు కూడా నింపుకోవడం. సముద్రం దాటే ఓడల్లో కూడా అన్ని నీళ్లు నింపుకోరు. మధ్యాహ్నానికి ట్యాంకులోంచి పైకొచ్చిన మనిషి మా తలుపు తట్టి, నాచు పట్టిన నల్లటి గుండ్రటి మూత ఒకటి నా చేతిలో పెట్టాడు. "గిది మీదేనట గద సార్, ప్రెసిడెంట్ సార్ చెప్పిండు" అన్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "మన మాగాయ జాడీదేమో చూడండి" అంది. కాదు. అది నా టెలిస్కోపు మూత. కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం హడావుడిలో పిట్టగోడ మీద పెట్టాను, మళ్లీ కనిపించలేదు. అంటే ఇన్నాళ్లుగా ఐదంతస్తుల జనం ఆ మూత నానిన నీళ్లతోనే స్నానాలు చేశారు, పప్పు ఉడికించుకున్నారు. అయినా ఒక్కరికి కూడా ఖగోళశాస్త్రం ఒంటబట్టలేదు.

యాభై దాటిన మగవాళ్లకు ఏదో ఒకటి పట్టుకుంటుంది. కొందరు మారథాన్‌లు పరుగెత్తుతారు, కొందరు బుల్లెట్ బండి కొంటారు, కొందరు పొద్దున్నే లేచి రక్తపోటు కొలుచుకుని అందరికీ ఫోన్ చేసి చెబుతారు. నాకు ఆకాశం పట్టుకుంది. అశోక్‌నగర్‌లో ఉండి ఆకాశం మీద మనసు పడటమంటే ఎడారిలో ఉండి చేపల పెంపకం మొదలుపెట్టడం లాంటిదే. మా వీధిలో ఆకాశం ఉన్న చోటల్లా కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీలున్నాయి, అవి లేని చోట కేబుల్ వైర్లున్నాయి, అవీ లేని చోట హాస్టళ్లు లేచాయి. అయినా మా డాబా మీదికెక్కితే దక్షిణం వైపు ఒక దుప్పటంత ఆకాశం మిగిలి ఉంది. దాన్ని నమ్ముకుని నేను టెలిస్కోపు తెప్పించాను. అట్టపెట్టె వచ్చిన రోజు అది లిఫ్టులో పట్టక, నేనూ అదీ ఒకరినొకరు మోసుకుంటూ మెట్లెక్కాం. రెండో అంతస్తు ఆయన ఫ్రిజ్ అనుకుని ఏ కంపెనీ అని అడిగాడు. నాలుగో అంతస్తుకు చేరేసరికి వార్త నాకన్నా ముందే చేరింది. అక్కడి ఆవిడ గీజర్ అనుకుని జాగ్రత్తలు చెప్పింది.

ఇక్కడ మా మేనత్త గురించి చెప్పాలి. ఈ కథంతా నిజానికి ఆమెదే, టెలిస్కోపు నాది కావడం వల్ల నేను మధ్యలో దూరాను. ఆమె మా నాన్నకు చెల్లెలు. మామ పోయిన తర్వాత కూడా చిక్కడపల్లిలో పాత ఇంట్లోనే ఉంటోంది. సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయింది. కూరగాయల బండి దగ్గర ఆమె నిలబడితే బండివాడే భయంతో ఇంకో రెండు మిరపకాయలు వేసేవాడు. అంత మనిషికి కుడికన్నులో శుక్లం వచ్చింది. నారాయణగూడలో కంటి డాక్టరు చూసి, ఇప్పటికే బాగా ముదిరింది, ఇంకా ఆగితే ఆపరేషన్ కష్టమవుతుంది, వచ్చే వారమే చేసేద్దామన్నాడు. మా అత్త నింపాదిగా, "ఆయన పోయినంక చేద్దం డాక్టర్ సాబ్. ఇంక రెండేండ్లుంటడు" అంది. డాక్టరు తెల్లబోయి, "ఆయనెవరమ్మా? మీ ఇంట్లో ఉంటారా?" అని అడిగాడు. ఆయన మా అత్త జాతకంలో ఉంటాడు. ఏలినాటి శని. ఆమెది మకర రాశి, ఆఖరి భాగం నడుస్తోంది. శని పోయేదాకా ఒంటి మీద కత్తి పడనివ్వనని ఆమె పట్టు. ప్రతి శనివారం నల్లనువ్వులు, నువ్వుల నూనె పట్టుకుని నవగ్రహాల దగ్గరికి వెళ్తుంది. వెళ్లినా ఆయన ఎదురుగా మాత్రం నిలబడదు. శనీశ్వరుడి చూపు సూటిగా పడకూడదని, పక్కకు ఓరగా నిలబడి, ఆయన మొహం కాకుండా కాళ్లు చూస్తూ దండం పెట్టుకుని, వెనక్కి తిరగకుండా వచ్చేస్తుంది. అప్పు ఇచ్చిన షావుకారు అరుగు మీద కూర్చుంటే జనం ఎలా తప్పుకుపోతారో, సరిగ్గా అలా.

మేం చెప్పని మాట లేదు. ఆమె వినిపించుకున్న మాట లేదు. ఈలోగా కుడివైపు ప్రపంచం ఆమెకు మెల్లమెల్లగా మూతపడుతూ వచ్చింది. ఒకరోజు కరెంటు స్తంభాన్ని పాత హెడ్‌మాస్టరు అనుకుని నమస్తే పెట్టి, జవాబివ్వలేదని వారం రోజులు ఆయన్ను తిట్టింది. దానికి నవ్వుకున్నాం. మరొకరోజు నారాయణగూడ చౌరస్తాలో కుడివైపు నుంచి వచ్చిన ఆటో ఆమె కొంగును రాసుకుంటూ పోయింది. దానికి ఎవరం నవ్వలేదు.

పెట్టె విప్పిన ఆదివారం అత్త మా ఇంట్లోనే ఉంది. నేను గొట్టం బయటికి తీసి డాబా వైపు అడుగు వేశానో లేదో, "ఆగు అల్లుడా! కొత్త వస్తువాయె. బొట్టు పెట్టకుండనే పైకి తీస్కపోతవా?" అంది. మా ఆవిడ గోదావరి జిల్లా పిల్ల. పూజ అంటే ఆమె వెనకబడే రకం కాదు. "పిన్నిగారు చెప్పింది నిజమే. స్కూటరుకు చెయ్యలేదూ?" అంటూ కొబ్బరికాయ పట్టుకొచ్చింది. అత్త పసుపు కుంకుమ గిన్నెలు ముందేసుకుని గొట్టానికి, స్టాండుకు, మరలకు, డబ్బాలోని ప్రతి ముక్కకూ వేలితో తడిమి తడిమి బొట్లు పెట్టింది. తర్వాత నిమ్మకాయల ఘట్టం. బండి అయితే తనంతట తాను ముందుకు కదిలి నిమ్మకాయలు తొక్కుతుంది. టెలిస్కోపు ఎక్కడికి కదులుతుంది? నేనే ఆ మూడుకాళ్ల స్టాండును నడుం పట్టేదాకా ఎత్తి, మూడు నిమ్మకాయల మీద కుదేశాను. రసం చిమ్మి నా కంట్లోనే పడింది. ప్రపంచంలో ఖగోళ పరిశోధన ఇంత పుల్లగా ఎక్కడా మొదలై ఉండదు.

మొదటిసారి టెలిస్కోపు కొన్నవాళ్లకు ఒక సంగతి తెలియదు. గొట్టం ఎటు తిప్పితే అటు కనపడుతుందనుకుంటారు. కనపడదు. అది చూసే మేర ఆకాశంలో గోటి పెచ్చంత. అందులోకి ఒక గ్రహాన్ని పట్టుకోవడమంటే చిక్కడపల్లి సంతలో కళ్లు మూసుకుని వేలు పెట్టి ఫలానా వంకాయే ముట్టుకోవడం. అందుకని గొట్టం మీద ఒక చిన్న గురిచూసే సాధనం బిగిస్తారు. దానికో అద్దం ముక్క ఉంటుంది. అందులోంచి చూస్తే ఎర్రచుక్క ఒకటి కనపడుతుంది. ఆ చుక్కను ఎక్కడ పెడితే గొట్టం కూడా అక్కడే చూడాలి. ఇద్దరికీ ఆ ఒప్పందం కుదర్చడం పగలే చెయ్యాలి. దూరంగా, కదలకుండా ఉన్న వస్తువొకదాన్ని గొట్టంలో నడిమధ్యకు తెచ్చుకుని, మరలు తిప్పుతూ ఎర్రచుక్కను కూడా దాని మీదికే తేవాలి. అంతే. పుస్తకంలో నాలుగు వాక్యాలు. నాకు పదిహేను రోజులు పట్టింది.

మొదట విద్యానగర్ వైపు ఒక సెల్ టవర్ మీద కూర్చున్న కాకిని ఎంచుకున్నాను. కదలకుండా ఉందన్న ఒక్క కారణంతో. గొట్టంలో కాకి తలకిందులుగా కనపడింది. ఈ రకం టెలిస్కోపులో అన్నీ తలకిందులే. దాని ముక్కు మీదికి చుక్కను తేవడానికి చెమటోడ్చి మరలు తిప్పి, విజయగర్వంతో తలెత్తేసరికి కాకి అంబర్‌పేట వెళ్లిపోయింది. తర్వాత బుద్ధి తెచ్చుకుని టవర్ కొసనున్న దీపాన్ని ఎంచుకున్నాను. అంతలో మా అసోసియేషన్ ప్రెసిడెంటు ఆయాసపడుతూ పైకొచ్చారు. "ఎదురు బిల్డింగోల్లు కిటికీలన్ని మూసుకుంటున్నరు. ఏం చూస్తున్నవే నువ్వు?" అని నిలదీశారు. టవర్ అన్నాను. నమ్మక తానే కన్ను పెట్టారు. చాలాసేపు కన్ను తియ్యలేదు. చివరికి, "అరె, టవర్ ఉల్టా అయింది గదనే! కంపెనీకి ఎరుకేనా?" అన్నారు. పక్క హాస్టల్ డాబా మీద పుస్తకం పట్టుకుని తిరుగుతూ చదువుకుంటున్న అమ్మాయి ఇటు చూసి అరిచింది: "అంకుల్, శనికి ఉపగ్రహాలెన్నో మాకు నోటికొస్తయి. శనినే ఎప్పుడు చూడలే. కనపడితే జర చెప్పుండ్రి!"

చూసేవాళ్లంతా కుదిరారు కానీ చుక్క మాత్రం నా మాట వినలేదు. అద్దంలో ఎర్రగా, నిండుగా, కళగా ఉంది. పుస్తకంలో బొమ్మకన్నా బాగుంది. దాన్ని టవర్ దీపం మీదికి తెచ్చి మర బిగిస్తాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూస్తే పక్క బిల్డింగు వాటర్ ట్యాంకు మీద ఉంటుంది. తల ఇటు వంచితే అది అటు పోతుంది. తల అటు వంచితే ఇటు వస్తుంది. రోజూ ఆఫీసు నుంచి రావడం, చీకటి పడేదాకా దాంతో కుస్తీ పట్టడం, మెడ పట్టేసి కిందికి దిగడం. మా ఆవిడ మెడకు జండూబామ్ రాస్తూ, "ఏవండీ, పెళ్లిలో అరుంధతిని చూపిస్తే క్షణంలో చూసేశానన్నారు. అప్పుడు ఏ యంత్రం వాడారు?" అని అడిగింది. నాకు మెడ పట్టేసి ఉంది కాబట్టి అటు తిరగలేదు.

రెండో ఆదివారం అత్త భోజనానికి వచ్చి, ఇంతకీ ఆ దుర్బీన్‌లో ఏమేం కనపడతాయని అడిగింది. చంద్రుడు, గురుడు, శని అన్నాను. ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. "శనీశ్వరుడా? నిజంగనే కనపడ్తడా?" కనపడతాడన్నాను. ఇప్పుడు పొద్దుగూకగానే మన డాబాకు ఎదురుగానే ఉంటున్నాడన్నాను. ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంది. భోజనం అయ్యేదాకా ఇంక ఆ మాటెత్తలేదు. కానీ లెక్కల టీచరు బుర్ర ఊరుకోదు. చేతులు కడుక్కొచ్చి, తువ్వాలుతో తుడుచుకుంటూ తనలో తాను ఏదో లెక్క వేసుకుని, ఉన్నట్టుండి అడిగింది.

"ఎదురుంగ నిలబడి చూడాలెనారా?"

"లేదత్తా. దీంట్లో చూసేది గొట్టం పక్కనుంచి. ఆయన ముందుంటే మనం పక్కకు నిలబడాలి."

"పక్కకా? ఓరగనా?"

"ఓరగనే. అడుగున పెద్ద అద్దం ఉంటది, పైన చిన్న అద్దం ఉంటది. మనం ఆయన్ను చూడం, అద్దంల ఆయన బొమ్మను చూస్తం."

"మరి దీంట్ల అన్ని తలకిందులు కనపడ్తయంట గద?"

"అవును, తలకిందులే."

అత్త వేలితో గాల్లో బొమ్మ గీసి చూసుకుంది. "అంటే మొహం కిందికుండి, కాళ్లు పైకుంటయి" అంది నెమ్మదిగా. "ముందుగల్ల కాళ్లే చూసినట్టయితది."

ఆ గొట్టాన్ని ఎవరు కనిపెట్టారో గానీ, మా చిక్కడపల్లి ఆచారాలన్నీ తెలుసుకునే కనిపెట్టారని ఆ క్షణంలో నాకనిపించింది. పక్కకు నిలబడాలి, మొహం సూటిగా చూడకూడదు, కాళ్లు ముందు కనపడాలి. శాస్త్రానికి ఒక్క లోటు లేదు. మా అత్త కొంగు బిగించి, "నడువు. ఇన్నేండ్ల సంది నా నెత్తి మీద కూసున్నోడు ఎట్లుంటడో చూద్దం" అంది.

సాయంత్రం వెలుతురు ఉండగానే డాబా మీదికి చేరాం. అత్తకు కుర్చీ వేశాం. నేను నా పాత శత్రువుతో మళ్లీ కుస్తీ మొదలుపెట్టాను. ఆరోజు నాకు చెమట ఎక్కువ పట్టింది, ఎందుకంటే పందెం నా టెలిస్కోపు మీద లేదు. ఆమె ఇంత దూరం రావడం మళ్లీ జరగదు. ఇవాళ శని దొరక్కపోతే, ఆయనే దర్శనం ఇవ్వనన్నాడని ఆమె నిర్ణయించేస్తుంది. అప్పుడు డాక్టరు కాదు, దేవుడు దిగొచ్చినా ఏడాదిన్నర లోపు ఆ కన్ను ముట్టుకోనివ్వదు. ఎర్రచుక్క యథాప్రకారం అటూ ఇటూ దొర్లుతోంది. చికాకేసి జేబురుమాలు తీసి గురి అద్దాన్ని గట్టిగా తుడిచాను. చుక్క మాయమైంది. రుమాలు చూసుకున్నాను. ఎర్రగా ఉంది. వాసన చూశాను. కుంకుమ.

పదిహేను రోజులుగా నేను టెలిస్కోపుకు జత కలుపుతున్నది మా అత్త పెట్టిన బొట్టును! అసలు చుక్క వెలగనే లేదు. గురి సాధనం కింద బ్యాటరీ దగ్గర పల్చటి ప్లాస్టిక్ ముక్కొకటి ఉంది, దాన్ని లాగితే గానీ దీపం వెలగదట. మా ఆవిడ పిట్టగోడ పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. అప్పటికే పైకొచ్చి నిలబడ్డ ప్రెసిడెంటు కూడా నవ్వారు. నేను కూడా నవ్వుతూ రుమాలు అత్తకు చూపించి, "అద్దానికి గూడ పెట్టినవా అత్తా!" అన్నాను.

అత్త నవ్వలేదు. రుమాలు తీసుకుని ఎడమకంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. "అది అద్దమని నాకు కనపడలేదురా" అంది. "నున్నగ తగిలితే, నొసలసుంటిదేమో అనుకుని పెట్టిన." మా ఆవిడ నవ్వు ఆగిపోయింది. బడిలో వెనక బెంచీ పిల్లాడి పలకలో తప్పు లెక్కను కూడా దూరంనుంచే పట్టుకున్న మనిషి మా అత్త.

నేను ఆ ప్లాస్టిక్ ముక్క లాగేశాను. అద్దంలో ఆవగింజంత ఎర్రచుక్క వెలిగింది. నా పాత చుక్కతో పోలిస్తే ఇది పేదరాలు. కానీ మాట మీద నిలబడే రకం. తల ఎటు వంచినా కదలలేదు. టవర్ దీపం గొట్టంలో నడిమధ్యన పెట్టి, మరలు రెండు తిప్పితే చుక్క వెళ్లి దాని మీద కూర్చుంది. పక్షం రోజుల యుద్ధం టీ తాగినంతసేపట్లో ముగిసింది. కింద ఎవరింట్లోనో దీపం పెట్టే వేళకు దక్షిణాన పసుపుపచ్చగా, మిణుకుమనకుండా ఒక చుక్క నిలబడింది. ఎర్రచుక్కను దాని మీదికి జరిపాను. గొట్టంలో చూశాను. అప్పుడు నాకు కలిగినదాన్ని వర్ణించడానికి నా దగ్గర ఉన్న అతిశయోక్తులన్నీ నిమ్మకాయల దగ్గరే ఖర్చయిపోయాయి. గోరంత గుండ్రం, దాని చుట్టూ గీత గీసినట్టు వలయం. అంతే.

అత్త లేచి వచ్చింది. చెప్పులు విప్పింది. గొట్టం పక్కకు ఓరగా నిలబడి, చేతులు జోడించి, అలవాటు కొద్దీ కుడికన్ను పెట్టింది. "పాలు పోసినట్టున్నది. ఏం లేదు" అంది. ఆ మాట అనడంలో విసుగు లేదు, అలవాటైపోయిన నీరసం ఉంది. "ఎడమ కన్ను పెట్టత్తా" అన్నాను. పెట్టింది. పక్క హాస్టల్ అమ్మాయి కూడా పిట్టగోడ మీదికి వంగి చూస్తోంది.

"వడ్డాణం పెట్టుకున్నడు!" అంది అత్త. గొంతులో మా చిన్నప్పుడు పరీక్షలో నూటికి నూరు వేసినప్పటి ఉత్సాహం. "గింత సక్కగున్నడేందిరా! పెండ్లికి తయారైనట్టున్నడు. గీయనకా నేను ఇన్నేండ్లు భయపడ్డది?" తర్వాత ఉన్నట్టుండి కంగారుపడి, "అరె, పోతున్నడు! పోతున్నడురా!" అని కేక పెట్టింది. భూమి తిరుగుతుంటుంది కదా, గొట్టంలో గ్రహం నిమిషంలో పక్కకు జారిపోతుంది. "పోతే పోనియ్యండి పిన్నిగారూ, మీక్కావలసింది అదే కదా" అంది మా ఆవిడ. "నువ్వు ఊకో పిల్లా! పట్టుకోరా, పట్టుకో, మల్ల చూపియ్యి!" అంది అత్త. ఆ సాయంత్రం నేను శనీశ్వరుణ్ని పోనివ్వకుండా పట్టుకొస్తూనే ఉన్నాను. ప్రెసిడెంటు చూశారు, మా ఆవిడ చూసింది, హాస్టల్ అమ్మాయి మెట్లన్నీ దిగి మా మెట్లన్నీ ఎక్కి వచ్చి చూసి, "పుస్తకంల బొమ్మ లెక్కనే ఉన్నడు ఆంటీ!" అని మా అత్త చేతులు పట్టుకుని ఊపింది. మధ్యమధ్యలో అత్త వరసలోకి దూరి మళ్లీ మళ్లీ చూసింది.

కిందికి దిగాక, ఆటో కోసం చూస్తూ అంది: "రేపు డాక్టరు దగ్గరికి పోదాం." నేను నమ్మలేక, ఇంకా ఏడాదిన్నర ఉంది కదత్తా అన్నాను. "ఆయన్నే అడిగిన. వద్దనలే" అంది. తర్వాత, "ఒక్క కంటితోటి చూస్తే సగమే చూసినట్టురా. రెండోది గూడ చూడాలె" అని, మా ఆవిడ ఇచ్చిన పెరుగుపచ్చడి డబ్బా తీసుకుని ఆటో ఎక్కింది.

ఆపరేషన్ అయింది. బాగానే అయింది. నల్లద్దాలు పెట్టుకుని నెల రోజులు చిక్కడపల్లిలో హీరోయిన్‌లా తిరిగింది. డాక్టరు సరేనన్న మరుసటి సాయంత్రమే మా డాబా మీద ప్రత్యక్షమైంది. శని అప్పటికి పడమటికి వాలిపోయి, ఒక హోర్డింగు పైన కొద్దిసేపే దొరికేవాడు. ఆమె కొత్త కుడికన్ను పెట్టి చాలాసేపు చూసి, "పక్కన ఇంకొక చిన్న చుక్క ఉన్నది. అది ఎవరిది?" అంది. నేను కన్ను పెట్టి ఎంతో వెతికితే గానీ దొరకలేదు. శనికున్న పెద్ద చందమామ. అన్నాళ్లూ నాకు కనపడనే లేదు.

తర్వాతెప్పుడో ఏలినాటి శని తన లెక్క ప్రకారం తను వెళ్లిపోయాడు. మా అత్త ఆ రోజును పట్టించుకున్నట్టు నాకు గుర్తులేదు. ఇప్పుడు ఎండాకాలం. ఈ నెలల్లో సాయంత్రం ఆకాశంలో శని ఉండడు, వర్షాలు తగ్గాక గానీ మా డాబా ఎదుటికి రాడు. నిన్న ఫోన్ చేసి కూడా అదే అడిగింది, "ఎప్పుడొస్తడురా?" అని. ఒకప్పుడు ఆయన ఎప్పుడు పోతాడా అని కాలాన్ని ఈడ్చుకొచ్చిన మనిషి, ఇప్పుడు ఎప్పుడొస్తాడా అని అదే కాలాన్ని తొందరపెడుతోంది. కాలం మాత్రం రెండుసార్లూ ఒకే నడక నడిచింది, దాని ముందు మనం నిలబడే చోటే కాస్త పక్కకు జరిగింది.